నలిగే బొమ్మ, నలిపే చేయి

హాస్యానికి వర్గం లేదనీ, నవ్వు అందరిదీ ఒకటేననీ వాదించేవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. నవ్వుతున్నది ఎవరు, ఎవరిని చూసి అని అడిగితే మాత్రం మాట దాటవేస్తారు. ఆ ప్రశ్నను ఒక మట్టిబొమ్మ దగ్గర మొదలుపెడతాను.

అమెరికాలో 1975లో ‘సాటర్‌డే నైట్ లైవ్’ అనే అర్ధరాత్రి హాస్య కార్యక్రమం మొదలైంది. ఇంట్లో తీసిన చిన్నసినిమాలు పంపమని అది ప్రేక్షకులను కోరింది. వాల్టర్ విలియమ్స్ పంపిన సినిమాతో 1976లో మిస్టర్ బిల్ టెలివిజన్‌కెక్కాడు. పిల్లలు ఆడుకునే మెత్తని మట్టిముద్దతో చేసిన బొమ్మ అది. బిల్‌కు స్పాట్ అనే కుక్క ఉంది, స్లగ్గో అనే శత్రువు ఉన్నాడు. వీళ్లందరి పైన మిస్టర్ హ్యాండ్స్ ఉన్నాడు. అతని ముఖం కనిపించదు, చేతులే కనిపిస్తాయి. సాయం చేస్తానంటూనే ఆ చేతులు బిల్‌ను ఆపదలోకి నెడతాయి. బిల్ కీచుగొంతుతో అరుస్తాడు, నలిగిపోతాడు. తర్వాతి సారి మళ్లీ ఆ చేతులనే నమ్ముతాడు.

ఆలేరులో మా తొమ్మిదో తరగతి పిల్లలకు దీన్ని చూపించాను. మొదట పకపకా నవ్వారు. తర్వాత ఒక కుర్రవాడు, “అప్పిచ్చినోడు గుడ గిట్లనే మాట్లాడుతడు గద సారూ!” అన్నాడు. తరగతి నిశ్శబ్దమైపోయింది. ఏ సిద్ధాంత గ్రంథమూ చదవకుండానే ఆ పిల్లవాడు నవ్వు వెనుక ఉన్న చేతిని పట్టుకున్నాడు.

మన తోలుబొమ్మలాటలోనూ దెబ్బలు తినే బొమ్మలున్నాయి. రామాయణం నడుస్తుండగా జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు తెరమీదికి దూకుతారు. తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, కథను ఆపి ఊరి సంగతులు మాట్లాడతారు. బంగారక్క మీద వేసే మోటు మాటల్లో స్త్రీని చులకన చేసే భూస్వామ్య దృష్టి ఉంది. జానపదం పేరిట దాన్ని నెత్తిన పెట్టుకోవడం అభ్యుదయం కాదు. అయితే ఒక తేడాను విస్మరించరాదు. పోలిగాడికి నోరుంది. రాజులూ రాక్షసులూ ఏలే తెరమీద అతడు పల్లె మాట మాట్లాడతాడు. బిల్‌కు ఉన్నది ఆర్తనాదమే. మరోవైపు, మన ఆటలో ఆడించే చేయి తెర వెనుక దాగి ఉంటుంది. బిల్ కథలో అది పట్టపగలులా కనిపిస్తుంది. అదే అతని బలం.

ఈ రెండు గుణాలతో నేటి మన టెలివిజన్ హాస్యాన్ని కొలవండి. 2013లో ఈటీవీలో ‘జబర్దస్త్’ మొదలైన తర్వాత స్కిట్ అనే మాట పల్లెపల్లెకూ పాకింది. పేద కుటుంబాల నుంచి వచ్చిన నటులకు అది అన్నం పెట్టింది, కాదనను. కానీ ఎన్నో స్కిట్లలో నవ్వంతా మనిషి రంగు మీద, లావు మీద, ఆడవేషం మీద. అక్కడ దెబ్బ తినేవాడికి పోలిగాడి నోరూ లేదు, కొట్టే చేయీ మనకు కనిపించదు. చివరికి చూసేవాళ్లమే ఆ చేయిగా మారిపోతున్నాం.

హాస్యంలో దెబ్బ ఉండకూడదని నేననను. దెబ్బ లేని హాస్యం ఉప్పు లేని కూర. రచయితను కోరేది ఒక్కటే. బొమ్మ నలుగుతున్నప్పుడు నలిపే చేతిని కూడా చూపించు. వీలైతే ఆ బొమ్మకు ఒక నోరు పెట్టు.