ఒపీనియన్ కింద సంతకం

కోర్టుకు వెళ్లని లాయరూ ఒక లాయరేనా? ఈ వారం ఒక పెళ్లిలో ఓ పెద్దమనిషి అన్న మాట ఇది. అనిపించుకున్నది బ్యాంకు ప్యానెల్ లాయరు దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి. ఆ పిల్ల నవ్వి ఊరుకుంది గానీ నాకు ఒళ్లు మండింది.

ఆ పిల్ల నేర్చుకుంటున్న పని ఎందుకు కావాలో చెప్పే నా పాత పాట ఒకటుంది. ఒక్క ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చూసి స్థలం కొనకండి. అందులో రిజిస్టరైన లావాదేవీలే ఉంటాయి. చావులు కనిపించవు, నోటిమాట పంపకాలు కనిపించవు, ఆడపిల్లల వాటాలు అసలే కనిపించవు. వాటిని పట్టుకోవాలంటే దస్తావేజులు చదివే మనిషి కావాలి.

గుంటూరులో అలాంటి లాయరుగారిని దగ్గరగా చూశాను. తాతల నాటి స్థలంలో షాపింగ్ కాంప్లెక్స్ కట్టడానికి ముగ్గురు అన్నదమ్ములు లోనుకు పెట్టుకుంటే, బ్యాంకు కాగితాలు ఆయన దగ్గరికి వచ్చాయి. ఏ దస్తావేజైనా ఆయన చివర్నుంచి మొదలుపెట్టేవారు. ముందు షెడ్యూలు, హద్దులు. తర్వాతే మొదటి పేజీ. 1988 నాటి పంపకాల దస్తావేజులో ఒక వాక్యం దగ్గర ఆయన వేలు ఆగింది. చెల్లెలి పెళ్లి ఖర్చులు ముగ్గురూ సమానంగా భరించాలని ఉంది. ఎవరైనా అన్నల ఆపేక్ష అనుకుని పేజీ తిప్పేస్తారు. ఆయన మాత్రం తేదీ చూశారు. 1988లో పెళ్లి ఖర్చుల మాట ఉందంటే అప్పటికి ఆమెకు పెళ్లి కాలేదన్నమాట. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానమైన హక్కు ఇచ్చింది ఆంధ్రప్రదేశ్ చట్టం. కేంద్రం ఆడపిల్లలకు ఆ హక్కు ఇచ్చింది 2005లోనే.

పెద్దన్నగారిని పిలిపించారు.

“మీ చెల్లెలుగారు ఎక్కడుంటారండీ?”

“తెనాలిలో. ఆవిడతో పనేముందండీ, పెళ్లి ఘనంగానే చేశాం కదా.”

“పెళ్లి చేసినంత మాత్రాన హక్కు పోదండీ.”

చూపు ఇలా ఉండాలి అని రాసి ముగిద్దామనే ఈ కాలమ్ మొదలుపెట్టాను. కానీ చూపొక్కటే చాలదనిపించింది. తప్పు దొరికాక ‘టైటిల్ సరిగా లేదు, లోను ఇవ్వవద్దు’ అని రాసేసి ఆయన చేతులు దులుపుకోవచ్చు. ఏ బ్యాంకూ తప్పుపట్టదు. అలా చేసి ఉంటే కాంప్లెక్స్ లేచేది కాదు, తనకు వాటా ఉందని ఆ చెల్లెలికి తెలిసేదీ కాదు. ఆయన అలా వదిలేయలేదు. వాటా లెక్క కట్టించారు, ఆమెకు డబ్బు ఇప్పించారు, వాటా వదులుకుంటున్నట్టు రిలీజ్ డీడ్ రాయించి రిజిస్టర్ చేయించారు. అప్పుడే, టైటిల్ బాగుందని బ్యాంకుకిచ్చే లీగల్ ఒపీనియన్ మీద సంతకం పెట్టారు. తప్పు పట్టడం కన్నా ఆ సంతకమే పెద్ద పని అని ఇప్పుడు నాకనిపిస్తోంది. రేపు తేడా వస్తే బ్యాంకు మొదట అడిగేది ఆయన్నే.

హైటెక్ సిటీలో ఇదే పని మరో రూపంలో నడుస్తోంది. ఆఫీసు భవనాలకు రాబోయే అద్దెలు చూసి బ్యాంకులు లోన్లు ఇస్తున్నాయి. అద్దెకున్న కంపెనీకి లాకిన్, అంటే ఖాళీ చేయకూడని గడువు, మూడేళ్లే, లోను మాత్రం పదేళ్లకు. మధ్యలో కంపెనీ ఖాళీ చేస్తే? అద్దె నేరుగా లోను ఖాతాలో పడేలా రాయించాలా, కొన్ని నెలల వాయిదాల డబ్బు ముందే పక్కన పెట్టించాలా? ఓనరూ బ్యాంకూ ఇద్దరూ ఒప్పుకునేలా ఆ క్లాజు రాయడానికి రాత్రుళ్లు కూర్చునేది కోర్టుకు వెళ్లని ఈ లాయర్లే.

మన లా కాలేజీల్లో మూట్ కోర్టులకు కప్పులిస్తారు. ఒక్కసారి పాత దస్తావేజుల కట్ట పిల్లల చేతికిచ్చి, ఈ స్థలం మీద లోను ఇవ్వాలంటే ఏమేం చేయాలో రాయమనండి. బహుమతి డబ్బు నేనిస్తాను.