నాటకశాల నుండి చదవవలసిన సాహిత్యం: నాయకరాజుల కొలువు, బరోక్ భావన, క్షీణతావాదం

వ్యాస సంగ్రహం

దక్షిణాంధ్ర యుగపు యక్షగానాలను, పదాలను శృంగారాతిశయానికీ రాజస్తుతికీ నిదర్శనాలుగా చూపడం తెలుగు సాహిత్య చరిత్రలో అలవాటుగా స్థిరపడింది. ఈ రచనలు పుట్టింది పుటపై కాదు, అలంకృతమైన రాజభవన నాటకశాలలో. సమకాలిక యూరప్‌లోని బరోక్ కళ కూడా మొదట ఇటువంటి నిందకే గురై, తరువాత శాస్త్రీయ పరిశీలనకు పాత్రమైంది. ఆ పునర్మూల్యాంకన మార్గం తెలుగు విమర్శకు ఎంతవరకు ఉపకరిస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: నాటకశాల, నాయకరాజులు, బరోక్, యక్షగానం, క్షేత్రయ్య, దక్షిణాంధ్ర యుగం

1. ఉపోద్ఘాతం

విజయవాడ నుండి భవానీపురం, గొల్లపూడి, ఇబ్రహీంపట్నం మీదుగా కొండపల్లి చేరితే, అక్కడి కోటలో నర్తనశాలగా పేరుపడిన శిథిల భాగం ఉంది. అటు డెల్టాలోకి దిగితే కూచిపూడి, దాని చేరువలోనే మొవ్వ ఉన్నాయి. మొదటి చోట శాల ఆనవాళ్లు మిగిలాయి గాని అందులో ఆడిన ఆట తాలూకు గ్రంథం మిగలలేదు. రెండవ చోట ఆట నిలిచింది గాని, అది వీధిలోనూ గుడి ముంగిటా ఆడినది. శాల, దానికై రచించిన గ్రంథం రెండూ పరిశీలనకు అందేది తెలుగునేలకు దక్షిణాన, మధుర, తంజావూరు నాయకరాజుల కొలువులలో. మొవ్వ క్షేత్రయ్య ప్రయాణం కూడా ఆ దిశగానే సాగింది. తిరుమల నాయకుని కొలువులో రెండువేలు, విజయరాఘవ నాయకుని ఎదుట వేయి, గోలకొండలో వేయిన్నర పదాలు పలికినట్లు ఆయన పేర ఉన్న మేరువు పదం చెబుతున్నది. ఆ సంఖ్యలను ఎలా గ్రహించినా, పదానికి ఆశ్రయం సభాభవనమేనన్న విషయం వాటి వల్ల స్పష్టమవుతుంది.

2. మధుర నాటకశాల స్వరూపం

తిరుమల నాయకుడు (1623-1659) 1636 ప్రాంతంలో కట్టించిన మహలులో నేడు మిగిలినవి ప్రధానంగా స్వర్గవిలాసం, దాని వాయవ్య భాగాన ఉన్న నాటకశాల. ఈ శాల పొడవు దాదాపు 135 అడుగులు, వెడల్పు అందులో సగం. ఇటుక, సున్నపు గారతో కట్టిన దళసరి స్తంభాలు, వాటిని కలిపే కొసదేరిన తోరణాలు, వాటిపై గచ్చుపనితో తీర్చిన యాళులు, లతలు ఇందులో ప్రధానాంశాలు. హిందూ దేవాలయ శిల్పం, సుల్తానుల భవన నిర్మాణం, పాశ్చాత్య ఛాయలు ఇక్కడ కలిసిపోయాయి. ఇటలీ శిల్పి ఎవరో దీనిని రూపొందించాడన్న మాట ప్రచారంలో ఉంది. అయితే విమర్శకు ముఖ్యమైనది శిల్పి జాతి కాదు, ఇన్ని మూలాల అలంకారాన్ని ఒకే చోట పేర్చి చూపరిని ముంచెత్తాలన్న ఆ కొలువు సంకల్పం.

తిరుమల నాయకుని మనుమడు చొక్కనాథ నాయకుడు ఈ మహలులో అధిక భాగాన్ని విప్పించి తిరుచిరాపల్లికి తరలించాడు. 1673లో తంజావూరుపై దండెత్తి విజయరాఘవుని కొలువును అంతం చేసినదీ ఇతని సేనలే. మిగిలిన కట్టడాన్ని 1866-72 నడుమ మద్రాసు గవర్నరుగా ఉన్న నేపియర్ ప్రభువు బాగుచేయించాడు. కట్టడానికి 19వ శతాబ్దిలోనే ఉద్ధారకుడు లభించాడు. అందులోనూ, తంజావూరులోనూ వినిపించిన సాహిత్యానికి అదే కాలంలో లభించినది తిరస్కారం.

3. ‘బరోక్’ అనే నిందావాచకం

వంకర ముత్యాన్ని సూచించే పోర్చుగీసు మాట నుండి ‘బరోక్’ వచ్చిందని సాధారణంగా చెబుతారు. 18వ శతాబ్ది విమర్శకులు దానిని మితిమీరిన అలంకారాన్ని దూషించడానికి వాడారు. 1888లో హైన్‌రిష్ వోల్ఫ్‌లిన్ తన గ్రంథంలో పునరుజ్జీవన కళను, బరోక్ కళను పక్కపక్కన నిలిపి, రెండవదానిని మొదటిదాని పతనంగా మాత్రమే చూడక, దాని లక్షణాలను వేరుగా వివరించే పద్ధతికి దారితీశాడు. నింద స్థానంలోకి వర్ణన ప్రవేశించింది.

తెలుగులో ఇందుకు భిన్నంగా జరిగింది. ప్రబంధయుగాన్ని శిఖరంగా స్థిరపరచి, దక్షిణాంధ్ర యుగాన్ని అవరోహణగా, ఆ తరువాతి కాలాన్ని ‘క్షీణయుగం’గా పేర్కొనడం పరిపాటి అయింది. నీతిదృష్టి ఇందుకు తోడైంది. తంజావూరు మరాఠా కొలువు కవయిత్రి ముద్దుపళని రచించిన ‘రాధికా సాంత్వనము’ను వీరేశలింగం అశ్లీలమని దూషించడం, 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దానిని సమగ్రంగా ప్రచురించగా ప్రభుత్వం నిషేధించడం, టంగుటూరి ప్రకాశం ప్రభుత్వ కాలంలో ఆ నిషేధం తొలగడం సుప్రసిద్ధాలు. 1992లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి వెలువరించిన ఆంగ్ల గ్రంథం నాయక కాలాన్ని విజయనగరానికి తోకగా కాక స్వతంత్ర సంస్కృతిగా నిరూపించింది. అయినా తరగతి గదులలో పాత తీర్పు ఇంకా కొనసాగుతూనే ఉంది.

4. శాల నిర్ణయించిన రచనా లక్షణాలు

విజయరాఘవ నాయకుడు (1634-1673) తన తండ్రి రఘునాథుని నాయకునిగా చేసి ‘రఘునాథాభ్యుదయము’ను యక్షగానంగా రచించాడు. ఆయన ఆస్థాన కవయిత్రి రంగాజమ్మ ‘మన్నారుదాస విలాసము’లో విజయరాఘవుడే నాయకుడు. వీటిని గదిలో చదివితే రాజస్తుతి పునరుక్తిగా తోస్తుంది. శాలలో ఊహిస్తే సన్నివేశం మారుతుంది. రాజు సింహాసనంపై కూర్చుని ఉండగా, అతని పేరు గల పాత్ర ఎదుట ఆడుతుంది. కటికవాడు ఆ పాత్ర రాకను సభకు ప్రకటిస్తాడు. సభ చూపు ఏకకాలంలో రెండు చోట్ల నిలుస్తుంది.

వెర్సాయ్ అద్దాల శాలతో (1678-84) పోలిస్తే ఈ విషయం మరింత స్పష్టపడుతుంది. 73 మీటర్ల పొడవున్న ఆ శాలలో 357 అద్దాలు అమర్చారు. కొలువు తన్ను తాను చూసుకొనే అవకాశం అక్కడ గోడ కల్పించింది. తంజావూరులో ఆ పని యక్షగానం చేసింది. ప్రతిబింబించడమే ప్రయోజనమైన ప్రక్రియలో స్తుతిని కేవలం దోషంగా లెక్కించడం, అద్దంలో ముఖం కనిపిస్తున్నదని అద్దాన్ని నిందించడమే అవుతుంది. భేదం కూడా గమనించదగినదే. యౌవనంలో పదునాలుగవ లూయీ స్వయంగా నృత్యరూపకాలలో ఆడాడు. 1653లో సూర్యుని వేషం ధరించాడు. రంగాజమ్మ రచనలో మాత్రం రాజు చూపరి, రాజు వేషం మరొకరిది. ఆ రాజు పలుకవలసిన శృంగార వచనాన్ని నిర్ణయించినది ఒక స్త్రీ కలం. ‘రాజస్తుతి’ అనే ఒక్క మాటలో ఈ అధికార విన్యాసం ఇమడదు.

5. శాల, వీధి

శాల ప్రభావాన్ని తేల్చడానికి వీధి సాహిత్యం తగిన కొలమానం. అచ్యుతప్ప నాయకుడు తెలుగు కుటుంబాలకు ఇచ్చిన అగ్రహారంగా ప్రసిద్ధమైన మెలట్టూరులో భాగవతమేళ గుడి ముందు జరుగుతుంది. సంప్రదాయ కూచిపూడి భాగవతంలో వలె అక్కడ స్త్రీ పాత్రలను పురుషులే ధరిస్తారు. కొలువు శాలలో ఆడినవారు ప్రధానంగా స్త్రీలు, రంగాజమ్మ వంటి వారు రచయిత్రులు కూడా. భామాకలాపంలో నాయకుడు దేవుడు, తంజావూరు శాలలో రాజు. దరువులు, ద్విపదలు, వచనం రెండింటికీ సమానమే. కనుక భేదాలకు కారణం ప్రక్రియలో కంటె ప్రదర్శన స్థలంలో, పోషణలో వెదకడం సమంజసం. క్షేత్రయ్య పదాలలో మువ్వగోపాల ముద్రతో పాటు కొన్నింట విజయరాఘవుని పేరు కనిపించడం కూడా ఈ దృష్టితోనే అర్థమవుతుంది.

అయితే బరోక్‌తో పోలిక పొగడ్తకు సాధనం కారాదు. అలంకృత శాల కొందరికే తెరచుకున్నది. దాని వెలుపల ఉన్నవారి పన్నులతోనే ఆ గచ్చుపని సాగింది. వర్ణన నిందను తొలగించాలి గాని ప్రశ్నను తొలగించరాదు.

6. ముగింపు

నాయకరాజుల కాలపు యక్షగానాన్ని ప్రబంధపు కొలతలతో కొలిచినంతకాలం అది లోపభూయిష్ఠంగానే కనిపిస్తుంది. ప్రబంధం పాఠకునికై కూర్చినది, ఇది చూపరులకై కూర్చినది. కాబట్టి ఈ గ్రంథాల పరిష్కరణలో రంగసూచనలు, ప్రవేశ దరువులు, పాత్రల వచనం అనుబంధాలుగా కాక ప్రధాన పాఠంగా గుర్తింపు పొందాలి. పాఠ్యప్రణాళికలలో పద్యభాగాలను విడదీసి ఉదాహరించే పద్ధతి మారాలి. మధురలో శాల మిగిలింది, తంజావూరు సరస్వతీ మహలులో గ్రంథాలు మిగిలాయి. ఈ రెండింటినీ కలిపి చదివిన తరువాతనే క్షీణత గురించిన తీర్పుకు విమర్శకులు పూనుకోవడం న్యాయం.