నిర్వీర్యం చేశాక మిగిలేది

వార్తల డెస్కులో ‘నిర్వీర్యం’ తగలని వారం ఉండదు. మందుపాతర దొరికితే బాంబు నిర్వీర్య దళం వస్తుంది. ప్రతిపక్షంలో ఎవరున్నా, వ్యవస్థల్ని నిర్వీర్యం చేస్తున్నారంటారు. గద్దె మారితే ఆ మాట అవతలి పక్షం చేతికి పోతుంది. ఇళ్లలో దీని అవసరమే లేదు. లైటు కట్టేస్తాం, తెలంగాణలోనైతే బంద్ చేస్తాం, పొయ్యి ఆర్పేస్తాం.

బరువైన మాటలు కనిపిస్తే కొట్టేయడం నాకు అలవాటు. టీకాల వార్త దగ్గర మాత్రం దీన్ని ఉంచేస్తాను. మన జీనోమ్ వ్యాలీలో తయారైన కొవాగ్జిన్‌నే చూడండి. అందులో ఉండేది మొత్తం కరోనా వైరసే. దాన్ని పెంచి, బీటా ప్రొపియోలాక్టోన్ అనే రసాయనం కలిపేవారు. లోపలి జన్యుపదార్థం దెబ్బతింటుంది, పైనున్న ముళ్లు చాలావరకు అలాగే ఉంటాయి. ఒంట్లోకి ఎక్కించాక అది పిల్లలు పెట్టలేదు. ఆ ముళ్లను చూసి ఒళ్లు మాత్రం శత్రువును గుర్తుపెట్టుకుంటుంది. ‘చంపిన వైరస్’ అని రాస్తే చావు తెలుస్తుంది గానీ మిగిలిందేమిటో తెలియదు. వీర్యమంటే బలమే కాదు, బీజం కూడా. బీజం పోయి ఆకారం నిలిచిన వస్తువుకు ఇంతకన్నా నప్పే మాట నాకు తోచలేదు. నాయకుల ఆరోపణా నిజానికి అదే: బోర్డు ఉంటుంది, కుర్చీలుంటాయి, పని జరగదు.

అయితే నిర్వీర్యం చేసే పని సగంలో ఆగకూడదు. 1955 ఏప్రిల్‌లో అమెరికాలో జోనస్ సాల్క్ పోలియో టీకాకు అనుమతి వచ్చింది. నెల తిరక్కుండానే, దాన్ని తయారుచేసిన కట్టర్ కంపెనీ సీసాల్లో కొన్నింటిలో బతికున్న వైరస్ ఉందని బయటపడింది. వైరస్ ముద్దకట్టిన చోట, దాన్ని నిర్వీర్యం చేసే ఫార్మాలిన్ లోపలిదాకా అందలేదు. దాదాపు 200 మందికి పక్షవాతం వచ్చింది, 10 మంది చనిపోయారు. అందుకే ‘చేసిన’, ‘చేస్తున్న’ అనేవాటి దగ్గర నేను చాదస్తంగా ఉంటాను. నిర్వీర్యం చేస్తున్న బాంబు పేలొచ్చు, చేసిన బాంబు పేలదు.

పోలియో చుక్కల సంగతి వేరు. సబిన్ రూపొందించిన ఆ మందులో వైరస్ బతికే ఉంటుంది, పేగుల్లో పెరుగుతుంది కూడా. దానికి ‘బలహీనపరచిన’ అనే రాయాలి. 2015 చివర నుంచి మన ప్రభుత్వ టీకాల్లో నిర్వీర్యం చేసిన వైరస్‌తో పోలియో సూది కూడా చేరింది. ఒకే పాపకు రెండూ వేస్తారు కాబట్టి, ఆ వార్తలో రెండు మాటలూ పక్కపక్కనే ఉండాలి. జాగా చాలకపోతే శీర్షికలో వేరే విశేషణం తీసేయొచ్చు.