‘జరిగింది’ అనే క్రియాపదం

తెలుగులో ఎన్‌కౌంటర్ అన్న మాటకు రెండు వ్యాకరణాలున్నాయి. ప్రభుత్వ ప్రకటనలోనూ, దాన్ని యథాతథంగా అచ్చువేసే దినపత్రికలోనూ అది ‘జరుగుతుంది’. ఊళ్లో, బస్సులో, హోటల్లో టీ తాగుతూ మాట్లాడుకునే జనం నోట మాత్రం దాన్ని ‘చేస్తారు’. ఎన్‌కౌంటర్ జరిగిందని పేపర్లో చదివిన మనిషే పక్కవాడితో ‘ఫలానా వాణ్ణి ఎన్‌కౌంటర్ చేసిండ్రట’ అంటాడు. అకర్మక క్రియ సకర్మకమైపోయింది. కర్త వచ్చి చేరాడు, కర్మ కూడా వచ్చింది. ఈ మార్పు ఏ రచయితా చేసింది కాదు, ఏ కరపత్రమూ నేర్పింది కాదు. పత్రికలు ‘ఎదురుకాల్పులు’ అనే అనువాదాన్ని ఎన్నేళ్లు అచ్చువేసినా జనం దాన్ని తమ మాటల్లోకి తీసుకోలేదు. అందులో ‘ఎదురు’ అనే మాట ఉంది కదా! అవతలి వైపు నుంచి కూడా కాల్పులు వచ్చాయని ఒప్పుకుంటే తప్ప ఆ మాట వాడలేం. జనం ఆ ఒప్పుకోలు ఇవ్వదలచుకోలేదు. అందుకే ఇంగ్లీషు మాటనే ఉంచుకుని దాని క్రియను మార్చారు.

అధికార ప్రకటనల మీద ప్రజలకున్న అపనమ్మకాన్ని గురించి మాట్లాడేటప్పుడు సాహిత్య విమర్శ ఇక్కడి నుంచి మొదలుపెట్టాలని నా అభిప్రాయం. మనం సాధారణంగా రాజ్య స్వభావం నుంచి మొదలుపెడతాం. అది తప్పని కాదు. కాని అలా మొదలుపెట్టినప్పుడు ఫలితం ముందే తెలిసిపోతుంది, పాఠం చదవాల్సిన పని లేకుండా పోతుంది. ఎన్‌కౌంటర్ ప్రకటన ఒక పాఠం. దాన్ని కథను చదివినట్టు చదవాలి.

ఆ కథ మనందరికీ కంఠతా వచ్చు. నమ్మదగిన సమాచారం అందుతుంది. గాలింపు మొదలవుతుంది. తీవ్రవాదులు తారసపడతారు. లొంగిపొమ్మని హెచ్చరిస్తారు. అటునుంచి కాల్పులు మొదలవుతాయి. ఆత్మరక్షణ కోసం ఇటునుంచి కూడా కాల్చవలసి వస్తుంది. కాల్పులు ఆగాక వెళ్లి చూస్తే శవాలు కనిపిస్తాయి. మిగిలినవాళ్లు చీకట్లో పారిపోతారు. ఒక తపంచా, రెండు కిట్‌బ్యాగులు, విప్లవ సాహిత్యం దొరుకుతాయి. (విప్లవ సాహిత్యం లేని ఎన్‌కౌంటర్ అరుదు. మన కవితా సంకలనాలను పంచనామాలో చేర్చినంత శ్రద్ధగా సమీక్షల్లో చేర్చినవాళ్లు లేరు.) దశాబ్దాలు మారాయి, జిల్లాలు మారాయి, ముఖ్యమంత్రులు మారారు. ఇతివృత్తం మారలేదు. జానపద కథలో ఏడు సముద్రాల అవతలి మర్రిచెట్టు లాగా ఇందులో ప్రతి అంశానికీ స్థిరమైన చోటు ఉంది.

ఇందులో కథకుడెవరు? కాల్చినవాడే. సాక్షులెవరు? కాల్చినవాడితో ఉన్నవాళ్లు. రెండో పక్షం చెప్పడానికి లేడు, లేదంటే చీకట్లో పారిపోయాడు. ఇంతకంటే విచిత్రం కాగితాల మీద ఉంటుంది. ఇలాంటి ప్రతి సంఘటన తర్వాతా పోలీస్ స్టేషన్లో ఎఫ్.ఐ.ఆర్. నమోదయ్యేది. అందులో ముద్దాయి చచ్చిపోయినవాడు! పోలీసుల మీద హత్యాప్రయత్నం చేశాడని అప్పటి శిక్షాస్మృతి 307వ సెక్షన్ కింద కేసు. ముద్దాయి మరణించాడు కనుక కేసు ముగిసిందని వెంటనే మరో కాగితం. చంపింది ఎవరు, చంపే హక్కు ఆ క్షణంలో నిజంగా వచ్చిందా అన్న ప్రశ్న ఎక్కడా రాదు. పౌర హక్కుల సంఘం చేసిన ఫిర్యాదుల మీద 1996 నవంబరులో జస్టిస్ వెంకటాచలయ్య అధ్యక్షతన జాతీయ మానవ హక్కుల కమిషన్ ఈ పద్ధతినే తప్పుపట్టింది. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఆత్మరక్షణ అనేది విచారణలో రుజువు చేసుకోవలసిన విషయమే తప్ప కేసు పెట్టకుండా ఆపే కారణం కాదని చెప్పింది. దాని అమలును సుప్రీంకోర్టు నిలిపివేసింది. 2014లో సుప్రీంకోర్టే మార్గదర్శకాలు జారీ చేసింది. ఇవన్నీ న్యాయశాస్త్ర విద్యార్థులు చదువుకునే సంగతులు. సాహిత్య విద్యార్థి గమనించవలసింది ఒకటుంది. ఇన్నేళ్లూ కోర్టుల్లో వాదన నడిచింది ప్రధానంగా కథనం గురించి, కథకుడి విశ్వసనీయత గురించి.

అపనమ్మకానికి చరిత్ర ఉంది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర పట్టుబడిన అల్లూరి సీతారామరాజు పారిపోబోతుంటే కాల్చామని తెల్లదొరల ప్రభుత్వం చెప్పింది. చేతికి చిక్కినవాణ్ణి గుడాల్ చంపించాడనే జనం చెప్పుకున్నారు. కొందరు ఇంకో అడుగు ముందుకు వేసి అసలు ఆయన చనిపోలేదనీ, ఎక్కడో సన్యాసిగా తిరుగుతున్నాడనీ చాలాకాలం నమ్మారు. ఈ రెండు అపనమ్మకాలకూ తేడా ఉంది. మొదటిది ప్రశ్న, రెండోది ఓదార్పు. చావే లేదన్నాక చంపినవాణ్ణి అడిగేది ఏముంటుంది? మన కవిత్వంలో ‘అతడు మరణించలేదు’ అనే వాక్యం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం నా ఉద్దేశం కాదు. కాని ఆ వాక్యం రాసిన ప్రతిసారీ ఒక శవపరీక్ష నివేదికను పక్కకు నెట్టేస్తున్నామేమోనని అనుమానం.

శ్రీకాకుళంలో 1969 డిసెంబరులో జముకుల కథకుడు, కవి సుబ్బారావు పాణిగ్రాహి, 1970 జూలైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయినప్పుడూ ఇదే ప్రకటన. ఎమర్జెన్సీ మొదలైన నెలకు, 1975 జూలైలో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు విద్యార్థి యువకులు చనిపోయినప్పుడూ ఇదే. అయితే గిరాయిపల్లి దగ్గర ఒక కొత్త విషయం జరిగింది. 1977లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో ఏర్పడిన తార్కుండే కమిటీ ఊళ్లలో తిరిగి మనుషుల్ని అడిగింది. ఆ యువకుల్ని ముందే పట్టుకుని, అడవికి తీసుకుపోయి, చెట్లకు కట్టి కాల్చారని నిర్ధారించింది. ప్రభుత్వం భార్గవ కమిషన్‌ను వేసింది. విచారణ మూసిన తలుపుల వెనక జరపాలన్న నిర్ణయం రావడంతో కన్నబిరాన్, ఆయనతో ఉన్నవాళ్లు బయటికి వచ్చేశారు. తేలవలసింది తేలలేదు. కాని తెలుగు వచనంలో ఒక ప్రక్రియ పుట్టింది. దానికి మనం ఇంతవరకూ ప్రక్రియ అన్న గౌరవం ఇవ్వలేదు. నిజనిర్ధారణ నివేదిక గురించి చెబుతున్నాను.

ఆ నివేదికలు అడిగే ప్రశ్నలు చూడండి. ఒంటి మీద గాయం ఉన్నచోట చొక్కాకు తూటా రంధ్రం ఉందా? గాయం చుట్టూ చర్మం కమిలిందా, అంటే ఎంత దగ్గరి నుంచి కాల్చారు? గంటసేపు కాల్పులు జరిగాయంటున్నారు, చెట్లకు తూటా గుర్తులున్నాయా? ఇటువైపు ఒక్కరికైనా గీత పడిందా? అంతకు రెండు రోజుల ముందు అతన్ని ఏ బస్టాండులో ఎవరు చూశారు? ఈ వచనంలో విశేషణాలు తక్కువ. ‘కిరాతకంగా’, ‘పాశవికంగా’ అన్న మాటలు లేకుండానే చదువుతున్నవాడి నోరు ఎండిపోతుంది. కె. బాలగోపాల్ వచనానికి ఆ బలం ఇలాంటి పనిలోంచే వచ్చింది. మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు వ్యాస ప్రక్రియ మీద ఎన్ని పరిశోధనలు చేయించినా ఈ వైపు తొంగి చూసింది తక్కువ.

ఇప్పుడు మన కథల సంగతి. ఈ ఇతివృత్తం మీద వచ్చిన కథల్లో ఎక్కువభాగం ప్రభుత్వ ప్రకటనను తలకిందులు చేసి ఊరుకుంటాయి. అక్కడ మృతుడు కరుడుగట్టిన తీవ్రవాది, ఇక్కడ మచ్చలేని వీరుడు. అక్కడ పోలీసు ఆత్మరక్షణ చేసుకున్న ఉద్యోగి, ఇక్కడ తాగి కూసే రాక్షసుడు. తల్లి శవాన్ని గుర్తుపడుతుంది, చివరి పేరాలో తూర్పు ఎర్రబడుతుంది. ప్రకటన ఎంత స్థిరమైన మూసో ఇదీ అంతే స్థిరమైన మూస. పాఠకుడు దీన్ని నమ్ముతాడు. అయితే అది కథ నమ్మించడం వల్ల కాదు, అతను ముందే నమ్మి ఉండడం వల్ల. నమ్మని పాఠకుడు, ఊగిసలాడే పాఠకుడు మన కథ దగ్గరికి వచ్చి వెనక్కి పోతున్నాడు. అతని గురించి మనకు పట్టింపు లేదా?

ఇటలీలో డారియో ఫో చేసిన పని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 1969 డిసెంబరు 12న మిలాన్‌లో ఒక బ్యాంకులో బాంబు పేలి పదిహేడు మంది చనిపోయారు. పోలీసులు అనార్కిస్టుల్ని పట్టుకున్నారు. వాళ్లలో పినెల్లి అనే రైల్వే కార్మికుడు మూడు రోజుల తర్వాత పోలీసు కార్యాలయం నాలుగో అంతస్తు కిటికీలోంచి పడి చనిపోయాడు. దూకాడన్నారు పోలీసులు. ఎలా దూకాడో చెప్పేటప్పుడు మాత్రం ఒకసారి చెప్పింది మరోసారి చెప్పలేదు. ఏడాది తిరిగేలోగా ఫో ‘ఒక అనార్కిస్టు ప్రమాద మరణం’ అనే ప్రహసనం రాసి ఆడించాడు. అందులో ఆయన పోలీసుల కథకు పోటీగా తన కథ చెప్పడు. ఒక పిచ్చివాణ్ణి జడ్జి వేషంలో ప్రవేశపెట్టి, పోలీసులు చెప్పిన కథనే వాళ్లచేత నటింపజేస్తాడు. ఎక్కడ నిలబడ్డావు, కిటికీ ఎందుకు తెరిచి ఉంది, డిసెంబరు చలిలోనా అని. కథ వాళ్ల చేతుల్లోనే విరిగిపోతుంది. జనం నవ్వుతారు. 1975లో అసలు జడ్జి ఇచ్చిన తీర్పు ప్రకారం అది హత్యా కాదు, ఆత్మహత్యా కాదు, ఒక రకమైన అస్వస్థత వల్ల తూలి పడిపోవడం. ఆ తీర్పు కూడా ఫో రాసిందేనేమో అనిపిస్తుంది. మన నాటక రచయితలు ఇంకా ఈ దారి పట్టలేదు. మనకు కోపం ఎక్కువ, హాస్యం మీద అనుమానం ఎక్కువ.

అపనమ్మకం దానంతట అది ప్రగతిశీలం అనుకోవడం మనం చేస్తున్న మరో పొరపాటు. 2019 డిసెంబరు 6న హైదరాబాదు శివారు చటాన్‌పల్లి దగ్గర, అత్యాచారం, హత్య కేసులో నిందితులైన నలుగురిని పోలీసులు కాల్చి చంపారు. మళ్లీ అదే ప్రకటన: తుపాకులు లాక్కున్నారు, కాల్చారు, కాల్చవలసి వచ్చింది. ఆ రోజు రాష్ట్రంలో ఆ ప్రకటనను నిజంగా నమ్మినవాళ్లు ఎందరు? నమ్మకుండానే పోలీసుల మీద పూలు చల్లారు. ‘ఎన్‌కౌంటర్ చేసి మంచి పని చేసిండ్రు’ అన్నారు. పోలీసుల కథనం నమ్మదగింది కాదనీ, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారనీ సిర్పూర్కర్ కమిషన్ 2022లో చెప్పేనాటికి ఆ పూలు చల్లినవాళ్లకు అందులో కొత్త సంగతేమీ లేదు. గిరాయిపల్లి నాటి జనం ‘చేసిండ్రు’ అన్నప్పుడు అది నేరారోపణ. అదే క్రియ ఇప్పుడు ప్రశంసగా మారింది. రాజ్యం అబద్ధం చెబుతోందని తెలిశాక కూడా దానికి చప్పట్లు కొట్టే పౌరుడు తయారయ్యాడు. అతని మీద మన దగ్గర ఎన్ని కథలున్నాయి?

దీనికి పూర్తిగా ఎదురు చివర ఆజాద్ కేసు. 2010 జూలై మొదట్లో ఆదిలాబాద్ అడవిలో మావోయిస్టు నాయకుడు ఆజాద్, ఆయనతో పాటు హేమచంద్ర పాండే అనే జర్నలిస్టు చనిపోయారు. శాంతి చర్చల మాట నడుస్తున్న రోజులవి. గణతంత్రం తన బిడ్డల్ని తానే చంపుకోవడాన్ని అనుమతించలేమన్న అర్థంలో సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. సీబీఐ దర్యాప్తు చేసి ఎన్‌కౌంటర్ నిజమైనదేనన్నది. ఎవరి అభిప్రాయమూ మారలేదు. నలభై ఏళ్లు ఒకే కథ చెప్పినవాడు ఒకవేళ ఒకసారి నిజమే చెప్పినా నమ్మించుకునే సాధనం వాడి దగ్గర మిగల్లేదు.

ఇక ఈ పత్రిక పాఠకులు కొందరికి నచ్చని మాట. ‘ఇన్‌ఫార్మర్’ అని ముద్రవేసి చంపిన మనిషి శవం మీద దొరికే కరపత్రం కూడా ఒక అధికార ప్రకటనే. ‘హెచ్చరించినా మారలేదు, ప్రజలు శిక్షించారు’. ఇక్కడా కథకుడు చంపినవాడే. ఇక్కడా రెండో పక్షం లేదు. ‘ప్రజలు’ అన్న కర్త వెనక అసలు కర్త దాక్కున్నాడు. ఆ మనిషి భార్యను, ఊరిని ఎవరైనా నిజనిర్ధారణకు అడిగారా? ఈ ప్రశ్న గట్టిగా అడిగినందుకే హక్కుల ఉద్యమంలో చీలిక వచ్చి 1998లో మానవ హక్కుల వేదిక ఏర్పడింది. రెండు హింసలూ సమానమని నేను అనడం లేదు. రాజ్యానికి చట్టం, కోర్టు, జీతం, పెన్షన్ ఉన్నాయి. దాని బాధ్యత వేరు. కాని వాక్యాన్ని పరీక్షించే గీటురాయి రచయిత దగ్గర ఒకటే ఉండాలి. ప్రభుత్వ ప్రకటనలో కర్త ఎక్కడున్నాడని వెతికే కన్ను, కరపత్రం చదివేటప్పుడు మూసుకుపోతే పాఠకుడు అది గమనిస్తాడు.

ఇంద్రవెల్లి మాట చెప్పి ముగిస్తాను. 1981 ఏప్రిల్ 20, సోమవారం, సంత రోజు. రైతు కూలీ సంఘం సభకు అనుమతి లేదన్నారు. గోండులు సభకూ వచ్చారు, సంతకూ వచ్చారు. కాల్పుల్లో చనిపోయింది పదమూడు మంది అని ప్రభుత్వం అన్నది. అరవై అన్నవాళ్లున్నారు, వంద దాటిందన్నవాళ్లున్నారు. 1983లో కట్టిన స్తూపాన్ని 1986లో కూల్చారు, మరుసటి ఏడు మళ్లీ కట్టారు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఏప్రిల్ 20న అక్కడికి దండ తీసుకుపోవడానికి కూడా వీల్లేకుండా పోలీసులు కాపలా కాశారు. ప్రభుత్వ ప్రకటన తెలుగులో, ఇంగ్లీషులో వచ్చింది. కరపత్రాలు, నివేదికలు, మన కవితలు కూడా ఆ రెండు భాషల్లోనే. చనిపోయినవాళ్లు మాట్లాడింది గోండి. మన కథల్లో వాళ్లు కరీంనగర్ యాసలో మాట్లాడతారు. ఆ సోమవారం నాటి సంగతిని గూడేల్లో ముసలివాళ్లు పిల్లలకు చెప్పేటప్పుడు ఏ క్రియ వాడతారో, ‘జరిగింది’ అంటారో, ‘చేశారు’ అంటారో, లేక మనకు తెలియని మూడో మాట ఏదైనా ఉందో, ఆ ప్రాంతం మీద రాసిన మనలో ఎంతమంది అడిగి రాసుకున్నాం? ఆనాడు సంతలో ఉన్నవాళ్లలో కొందరు ఇంకా బతికే ఉన్నారు.