ఉప్పు మీద నింద

బోరు నీళ్ళతో కాపురం చేసినవాళ్ళకు ఆ తెలుపును పరిచయం చెయ్యనక్కర్లేదు. బకెట్టు అంచున చారికై, షవరు రంధ్రాల్లో బిరడాయై, గీజరు విప్పితే కాయిల్ చుట్టూ చెట్టు బెరడై కనిపిస్తుంది. "ఉప్పు పట్టింది" అంటాం. అమెరికాలోని ఫీనిక్స్ చుట్టుపక్కల, పెరట్లో ఉప్పునీటి ఈతకొలను ఉన్నవాళ్ళకు దీని జోడు ఎదురవుతుంది. నున్నగా ఉండాల్సిన ప్లాస్టరు గోడ అరికాలికి గరుకుగా తగులుతుంది, నీటిగీత వెంట తెల్లటి పట్టీ లేస్తుంది. అక్కడా అనుమానం ముందు ఉప్పు మీదికే పోతుంది.

రెండుచోట్లా ఆ తెలుపు ఉప్పు కాదు. ఉప్పయితే చెంబెడు నీళ్ళకు కరిగిపోవాలి. ఇది నీళ్ళకు చలించదు, నిమ్మ ఉప్పు తగిలితే మాత్రం బుసబుస పొంగుతుంది. ఇది కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి. బొర్రా గుహల్లో చుక్కచుక్కగా వేలాడే స్తంభాలు కట్టిందీ ఇదే.

పదార్థం ఒకటే అయినా పుట్టే తీరు వేరు. ఇంట్లో దాన్ని బయటికి లాగేది వేడి. నేలలోపల రాళ్ళను ఒరుసుకుని వచ్చిన నీటిలో సున్నం బైకార్బొనేట్ రూపంలో కరిగి ఉంటుంది. కాచేసరికి బొగ్గుపులుసు వాయువు వెళ్ళిపోతుంది, రాయి మిగులుతుంది. పంచదార వేడినీళ్ళలో ఇంకా బాగా కరిగితే, ఈ రాయి వేడిలో ఇంకా తక్కువ కరుగుతుంది. అందుకే బిందెను వదిలి గీజరును పట్టుకుంటుంది.

కొలనులో ఆ పని చేసేది కరెంటు. అక్కడి నీటిలో ఉప్పు లీటరుకు సుమారు 3 గ్రాములే, సముద్రంలోనైతే 35. ఆ కాస్త ఉప్పునీటిలోకి కరెంటు పంపి, క్లోరినేటరు సెల్ అక్కడికక్కడే క్లోరిన్ తయారుచేస్తుంది. ఒక పలక దగ్గర క్లోరిన్ పుడితే, ఎదుటి పలక దగ్గర హైడ్రోజన్ పుట్టి, అక్కడి నీటికి క్షారగుణం హెచ్చుతుంది. సున్నం మొదట ఆ పలక మీదే గడ్డకట్టి, ఒక్కోసారి రేకులుగా రాలి కొలనులోకి వస్తుంది. అలాగే ఆ బుడగలు బొగ్గుపులుసు వాయువును తోడుకుపోవడంతో కొలను మొత్తం పీహెచ్ పైకి పాకుతుంది. పైగా ఫీనిక్స్ ఉన్నది ఎడారిలో. ఎండ నీటినే ఎత్తుకుపోతుంది, సున్నాన్ని వదిలిపోతుంది. లోటు తీర్చడానికి పోసే నీళ్ళు, కొలరాడో నది నుంచి కాలువలో వచ్చేవైనా సరే, మళ్ళీ సున్నం మోసుకొచ్చేవే. కాబట్టి కొలనులో ఉప్పు దొంగ కాదు గానీ, దొంగకు తలుపు తీసిన మనిషి.

వదిలించే దగ్గర దారులు పూర్తిగా చీలిపోతాయి. ఇంట్లో ఆ తెలుపు పరాయిది. ఇనుము మీదో ప్లాస్టిక్ మీదో ఎక్కి కూర్చుంది. షవరు తలను నిమ్మ ఉప్పు నీళ్ళలో నానబెడితే సున్నం పోతుంది, షవరు మిగులుతుంది. కాగా కొలను ప్లాస్టరు అంటేనే తెల్ల సిమెంటు, పాలరాతి పొడి. అక్కడ ఆ తెల్లటి పొలుసు తన చుట్టాల మీదే వాలింది. యాసిడ్‌కు గోడెవరో, గోడమీది పొలుసెవరో తెలియదు. నీళ్ళు తోడేసి యాసిడ్‌తో కడిగితే పొలుసుతోపాటు ప్లాస్టరు చర్మం కూడా ఒక పొర లేచిపోతుంది. అందుకే తెలిసినవాళ్ళు నురగరాయితో మెల్లగా రుద్దుతారు. లేదా పీహెచ్‌ను 7.2 దాపుకు దించి, వారాల తరబడి నీటిచేతనే పొలుసును తినిపిస్తారు. తెలుపు పట్టీలా కాక బొడిపెలుగా లేస్తే అది నీటి తప్పు కాదు. ప్లాస్టరులోని పగులు నుంచి లోపలి సున్నం బయటికి ఉబికినట్టు. పగులు పూడ్చకుండా రుద్దితే మళ్ళీ వస్తుంది.

మరో తేడా ఇంతకన్నా ముఖ్యం. ఇంట్లో నీటికి సున్నం ఎంత తక్కువైతే అంత సుఖం అనుకుంటాం. సబ్బు నురగ వస్తుంది, పప్పు ఉడుకుతుంది. కొలనులో అలా కుదరదు. కాల్షియం కాఠిన్యం 200 నుంచి 400 పీపీఎం మధ్య ఉండాలంటారు. మరీ తగ్గితే ఆకలిగొన్న నీరు ప్లాస్టరునే కొరికి తన లోటు పూడ్చుకుంటుంది. ఈ తూకం చెప్పే సూచీకి లాంజెలియర్ పేరు. సున్నా కన్నా పైన ఉంటే నీరు సున్నం పెడుతుంది, కింద ఉంటే తింటుంది.

ఇక్కడే రెండు దారులూ మళ్ళీ కలుస్తాయి. బర్క్‌లీ ఆచార్యుడు లాంజెలియర్ 1936లో ఆ సూచీని ప్రకటించింది ఈతకొలనుల కోసం కాదు, ఊరి నీటి గొట్టాల కోసం. గొట్టం లోపల పలచటి సున్నపు పొర పట్టి తుప్పును ఆపాలని ఆయన కోరిక. మనం రుద్ది రుద్ది వదిలించే ఆ తెలుపునే ఆయన కొలిచి మరీ పిలిచాడు! గీజరును పాడుచేసిందే గొట్టాన్ని కాస్తుంది. కొలనుకు పొలుసైనదే కొలనుకు గోడ.

తాంబూలం వేసుకునేవాళ్ళకు ఈ లెక్క సూచీ లేకుండానే తెలుసు. సున్నం తక్కువైతే ఆకు పండదు, ఎక్కువైతే నోరు పొక్కుతుంది.