సత్తువ ఎక్కడ పోతోంది?

శరీరం రోజంతా ఖర్చుపెట్టే శక్తిలో సగానికి పైగా, మనిషి కదలకుండా పడుకున్నా ఖర్చవుతూనే ఉంటుంది. గుండె కొట్టుకోవడానికి, ఊపిరి ఆడటానికి, మెదడూ కాలేయమూ మూత్రపిండాలూ తమ పని చేసుకుపోవడానికి పట్టే ఖర్చు ఇది. కూర్చుని పనిచేసేవారిలో 60 నుంచి 70 శాతం దాకా ఉంటుంది. తిన్నది అరిగించుకోవడానికి మరో పదో వంతు పోతుంది. మిగిలినది నడకకూ ఇంటిపనికీ వ్యాయామానికీ. జీలకర్ర నీళ్లు, గ్రీన్ టీ, మిరియాల కషాయం తాగితే జీవక్రియ ఊపందుకుంటుందని ప్రచారం. టీలోని కెఫీన్‌కీ, మిరపలోని ఘాటుకీ ఆ గుణం కొద్దిగా ఉన్న మాట నిజమే. కానీ ఆ ప్రభావం కాసేపే. రోజు మొత్తం ఖర్చులో చెప్పుకోదగ్గది కాదు.

ముప్పై దాటితే జీవక్రియ మందగిస్తుందన్న నమ్మకమూ బలంగా ఉంది. 2021లో ‘సైన్స్’ పత్రికలో హెర్మన్ పాంట్జర్ బృందం ప్రచురించిన అధ్యయనం దీన్ని కాదంది. పసికందుల నుంచి 95 ఏళ్ల వృద్ధుల దాకా 6,400 మందికి పైగా శక్తి ఖర్చును పరిశీలించారు. ఒంటి పరిమాణాన్నీ కండనూ లెక్కలోకి తీసుకున్నాక, 20 నుంచి 60 ఏళ్ల మధ్య అది దాదాపు నిలకడగా ఉంది. తగ్గుదల అరవై దాటాకే మొదలవుతుంది, అదీ ఏడాదికి 0.7 శాతం చొప్పున. నలభైల్లో ఒళ్లు బరువెక్కితే నింద వయసు మీద వేయడం కన్నా, తగ్గిన కదలికనూ కరిగిన కండనూ చూసుకోవడం మేలు.

కండ పెంచితే నిద్రలోనూ కొవ్వు కరిగిపోతుందన్నది మాత్రం అతిశయోక్తి. విశ్రాంతిలో కిలో కండకు రోజుకు సుమారు 13 కేలరీలే ఖర్చవుతాయి. దాని అసలు మేలు వేరే చోట ఉంది. భోజనం తర్వాత రక్తంలో చేరిన చక్కెరలో పెద్ద భాగాన్ని లోపలికి తీసుకునేది కండరాలే. అందుకే అన్నం తిన్నాక పది పదిహేను నిమిషాలు నడిస్తే చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు, ఒంటికి హాయిగానూ ఉంటుంది. ఒంట్లోని పెద్ద కండరాలు తొడల్లో, పిరుదుల్లో ఉంటాయి కాబట్టి, బడిలో శిక్షగా తీయించిన గుంజీలు నిజానికి మంచి వ్యాయామం. మోకాళ్లు సహకరించని పెద్దవాళ్లు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చున్నా చాలు.

ఇక పళ్లెం. మాంసకృత్తులు అరగడానికే వాటిలోని శక్తిలో 20 నుంచి 30 శాతం ఖర్చవుతుంది. పిండిపదార్థాలకు 5 నుంచి 10 శాతం, కొవ్వుకు అంతకన్నా తక్కువ. మన పళ్లెంలో మాత్రం అన్నం గుట్టగా, పప్పు ఒక గరిటెడుగా ఉంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదు. అంటే అన్నం తగ్గాలి. పప్పు, పెరుగు, గుడ్డు, చేప, అలసందలు, శనగల్లాంటివి పెరగాలి.

రాగి అంబలికి మళ్లీ ఆదరణ రావడం సంతోషించదగ్గదే. రాత్రి రాగిపిండిని నీళ్లలో కలిపి మూతపెడితే తెల్లారేసరికి పులుస్తుంది. మరుగుతున్న నీళ్లలో దాన్ని పోసి, ఉండ కట్టకుండా తెడ్డుతో తిప్పుతూ, పచ్చివాసన పోయి చిక్కబడేదాకా ఉడికించాలి. చల్లారాక మజ్జిగ, ఉప్పు, నలిపిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి. పులిసినప్పుడు, ఇనుమునూ కాల్షియాన్నీ ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు తగ్గుతాయి. అయితే అంబలి త్వరగా అరిగిపోతుంది, మాంసకృత్తులు తక్కువ. ఒక్క గ్లాసుతో పూట గడపకుండా పక్కన గుడ్డో, గుగ్గిళ్లో ఉండాలి.

ఎంత తిన్నా నీరసం వదలకపోతే రక్తహీనతను అనుమానించాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి అది ఉంది. ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ తగ్గితే నాలుగు మెట్లెక్కినా ఆయాసం వస్తుంది. ఇంతమంది ఆడవాళ్ల అలసటను బద్ధకమని కొట్టిపారేయడం అన్యాయం. తోటకూర పప్పు మీద నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఇనుము బాగా ఒంటబడుతుంది. టిఫిన్ కాగానే టీ తాగితే ఆ మేలు చాలావరకు పోతుంది. భోజనానికీ టీకీ మధ్య గంట ఎడం కావాలి.

సాయంత్రం అయిదింటికి తాగిన కాఫీలో సగం కెఫీన్ రాత్రి పదింటికీ ఒంట్లోనే ఉండవచ్చు. నిద్ర చెడితే మర్నాడు ఆకలి పెరుగుతుంది, మనసు తీపి మీదికీ నూనె పదార్థాల మీదికీ పోతుంది.

ఇవన్నీ సరిచేసుకున్నా వారాల తరబడి అలసట తగ్గకపోతే హిమోగ్లోబిన్, థైరాయిడ్, చక్కెర, బి12 పరీక్షలు చేయించుకోవాలి. శాకాహారుల్లో బి12 లోపం ఎక్కువ. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తుంటే జీవక్రియ నిజంగానే మందగిస్తుంది. దానికి ఏ కషాయమూ మందు కాదు, డాక్టరు రాసిన మాత్రే వేసుకోవాలి. ఆ మాత్రను పరగడుపున మంచినీళ్లతో మింగి, కాఫీకి కనీసం అరగంట నుంచి గంట ఆగాలి.