'బలగం' చిత్రమున శోకము

ఇటీవల మేము చూచిన చిత్రములలో, వేణు యెల్దండి దర్శకత్వమున 2023లో వెలువడిన 'బలగం' రసశాస్త్రము చదువువారికి ఒక చిక్కుప్రశ్న. దీనిని కరుణరసప్రధానమందురు. కరుణమునకు శోకము స్థాయి. కొమురయ్య కథారంభముననే మరణించును. కాని ఆ యింట శోక మెవ్వరికి? మనుమడు సాయిలునకు అప్పుల బాధ, నిశ్చితార్థము చెడునను దిగులు. కొడుకు ఐలయ్యకును అల్లుడు నారాయణకును ఏనాడో భోజనమువేళ నల్లిబొక్కకై పుట్టిన పగ. ప్రేక్షకుడు నవ్వుచునే యుండును.

ఇది దోషమని మాకు తోపదు. మూడవనాడు పిట్టకు పెట్టిన కూడు కాకి ముట్టదు. ఊరివారు ప్రశ్నింపసాగుదురు. ఇంటివారి యెడదలు ఎండినవని లోకమునకు చాటినది ఆ కాకియే! ఇంత యల్పసాధనముతో ఇంతటి సంఘర్షణమును నడపుట తెలుగుతెరపై అరుదు. తెలంగాణపు పలుకుబడియు ఇందు హాస్యమునకై అతికినది కాదు. 'పిట్ట ముట్టుట' యను మాటను తొలగించినచో కథయే నిలువదు.

ఇక పదునొకండవనాటి ఘట్టము. పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతుల పాట అంతవరకు రాని కన్నీటిని రప్పించును. పగ తీరుటకు పాత్రల చేష్ట గాక పాట కారణమగుట నాటకదృష్టితో బలహీనతయే. అయినను చావింట చనిపోయినవాని బ్రతుకును పాడించుట దానికొఱకే కదా.

మా యసంతృప్తి వేఱొకచోట నున్నది. మొదటినుండియు నిజముగా దుఃఖించినది కూతురు లక్ష్మి. మగవారి పంతమునకు పుట్టింటిని పోగొట్టుకొన్న దామెయే. పాటకు ముందు ఆమె నోట నాలుగు మాటలు పలికింపవలసి యుండెను.